ఉద్యోగం మానేసి సొంతంగా కౌన్సెలింగ్ పెట్టుకోవచ్చా?

వేపచెట్టు నీడ:
14 ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. మా టీమ్‌లో కొందరి ఉద్యోగాలు పోయినప్పుడు రాత్రిళ్లు ఫోన్ చేసి ఏడ్చేవాళ్లు. వాళ్ల మాటలు వింటూ వింటూ ఇటు మళ్లాను. దూరవిద్యలో ఎంఏ సైకాలజీ 2023లో పూర్తయింది. తర్వాత ఏడాదిన్నర ఒక స్వచ్ఛంద సంస్థలో శని, ఆదివారాలు కౌన్సెలింగ్ చేశాను. ఇప్పుడు ఉద్యోగం వదిలేసి కూకట్‌పల్లిలో గది అద్దెకు తీసుకోవాలని ఉంది. గంటకు 1,000 రూపాయలు అనుకుంటున్నాను. తొందరపడుతున్నానా?

పాత పలక:
బోర్డు మీద ఏమని రాయిస్తారు?

వేపచెట్టు నీడ:
'సైకాలజిస్ట్' అని.

పాత పలక:
నా అభ్యంతరం అక్కడే. మానసిక రోగాలను గుర్తించి చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. ఇన్నాళ్లూ దానికి ప్రధానమైన దారి రెండేళ్ల ఎంఫిల్, అదీ రోగుల మధ్య ఉండి నేర్చుకునేది. వచ్చేవాళ్లకు ఈ తేడాలు తెలియవు. ఆ ఒక్క మాట చూసి లోపలికి వస్తారు.

మందారం:
వారు 'క్లినికల్' అని రాయించడం లేదు కదండీ. ఎంఏ చదివినవాళ్లు కౌన్సెలింగ్ చేయకూడదంటే మన జిల్లాల్లో వినే దిక్కెవరు?

గోదారి గట్టు:
గంటకు వెయ్యా! మా నాన్నగారు అరుగు మీద కూర్చుని ఊళ్లో ఎన్ని కాపురాలు నిలబెట్టారో. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

మందారం:
అరుగు మీద చెప్పుకున్నది సాయంత్రానికి వీధంతా తెలుస్తుందండీ. చెప్పింది గది దాటదనే నమ్మకానికే ఆ డబ్బు. ఇవ్వలేనివాళ్లకు 14416 ఉంది, ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాత పలక:
మాట పక్కదారి పడుతోంది. 2025లో యూజీసీ సైకాలజీని దూరవిద్యలో చెప్పొద్దని ఎందుకు ఆపింది? ఉత్తరాల మీద నేర్చుకునే చదువు కాదు గనుక.

వేపచెట్టు నీడ:
నేను అంతకు ముందే చదివానండీ. పగలంతా ఉద్యోగం, రాత్రి పదింటికి పుస్తకం. ఇంట్లో జ్వరాలొచ్చినా పరీక్ష మానలేదు. దాన్ని ఉత్తరాల చదువని తీసిపారేస్తుంటే బాధగా ఉంది. మీకు నా మీద ఎందుకింత కోపం?

పాత పలక:
మీ మీద కాదు. మా చెల్లికి కాన్పయిన మూడో వారం నుంచి నిద్ర పట్టకుండా పోయింది. మేం తీసుకెళ్లినాయన కూడా మీలాగే ఉద్యోగం మానేసి వచ్చినవారు. మంచివారే, ఓపికగా వినేవారు. పాప ఏడుపులో ఎవరో తనను పిలుస్తున్నారని చెల్లి చెబితే, అలసట వల్లేనన్నారు. నాలుగు నెలలు ఆయన దగ్గరే తిప్పాం. 'సైకియాట్రిస్ట్‌కు చూపించండి' అని ఒక్కసారి కూడా అనలేదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అంటే చుట్టాలేమనుకుంటారోనని మేమూ ఆయన మాటే పట్టుకుని వేలాడాం. అందులో నా తప్పు కూడా ఉంది.

నిద్రగన్నేరు:
అయ్యో.

వేపచెట్టు నీడ:
అలాంటివారు వస్తే నేను వెంటనే డాక్టర్ దగ్గరకు పంపిస్తాను.

పాత పలక:
గుర్తుపడితే పంపిస్తారు. మానసిక వార్డులో ఒక్క రోజైనా కూర్చున్నారా?

వేపచెట్టు నీడ:
లేదు.

మందారం:
ఇందాక మీ తరఫున గట్టిగా మాట్లాడాను గానీ, ఈ ప్రశ్న నాకూ తగిలింది. నేను టీచరు ఉద్యోగం మానేసి ఇందులోకి వచ్చాను. మొదటి ఏడాది వారానికి ముగ్గురో నలుగురో వచ్చేవారు. అద్దె కట్టాలి కదా, ఒకరిని డాక్టర్ దగ్గరకు పంపితే ఒక ఫీజు పోయినట్టే. ఒకామెను నెల రోజులు ఆలస్యంగా పంపాను. తెలియక కొంత, ఆ లెక్క వల్ల కొంత. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి నెలకు రెండుసార్లు ఒక సీనియర్‌కు డబ్బు కట్టి, పేర్లు చెప్పకుండా నా కేసులు వినిపిస్తున్నాను. ఎక్కడ ఆగాలో ఆమె చెబుతారు. మీరు ఉద్యోగం అప్పుడే మానకండి. సాయంత్రాలు మొదలుపెట్టండి. ఎవరినైనా పంపేయాల్సి వచ్చినప్పుడు అద్దె గుర్తుకు రాకూడదు.

గోదారి గట్టు:
ఆ సీనియర్‌కు కూడా ఫీజేనా?

వేపచెట్టు నీడ:
రాజీనామా ఉత్తరం రాసి పెట్టుకున్నాను, ఇంకా ఇవ్వలేదు. ముందు అలాంటి సీనియర్‌ను వెతుక్కుంటాను. పాత పలక గారూ, చెల్లెలికి ఇప్పుడెలా ఉంది?

పాత పలక:
మందులు వాడింది, ఇప్పుడు నిద్ర పడుతోంది. పాప బడికెళ్తోంది. బోర్డు మీద మాత్రం 'కౌన్సెలర్' అనే రాయించండి.