ఇంటి దగ్గరే కారు తలుపు అద్దం మార్పిస్తున్నాము: మేము ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: కుమార్‌పల్లి నివాసి, హనుమకొండ

అందరికీ నమస్కారం. గత ఆదివారం మా వీధి చివర ఖాళీ స్థలంలో యంత్రంతో గడ్డి కోస్తుండగా బ్లేడు కింది నుంచి ఒక రాయి ఎగిరి వచ్చి, ఇంటి ముందు నిలిపి ఉన్న మా కారు ఎడమ వైపు వెనక తలుపు అద్దానికి తగిలింది. రాయి గోలీకాయంత కూడా లేదు. అయినా అద్దం మొత్తం ఒక్కసారిగా మక్క గింజలంత ముక్కలై, కొంత సీటు మీద, కొంత తలుపు లోపలికి రాలిపోయింది. అదృష్టం కొద్దీ ఆ సమయంలో కారులో ఎవరూ లేరు.

అద్దాలు అమర్చే దుకాణం వారు తామే సామాను తీసుకొని ఇంటికి గానీ, ఆఫీసుకు గానీ వచ్చి పని చేసి పెడతామన్నారు. మా ఇల్లు ఇరుకు గల్లీలో ఉంది, వాకిలి ముందు నేల కొంత వాలుగా ఉంటుంది. సుబేదారిలో ఉన్న మా ఆఫీసులో రేకుల షెడ్డు ఉంది కానీ, బయటివారిని లోపలికి పంపించడానికి గేటు దగ్గర అనుమతి తీసుకోవాలి. వానకాలం కావడం వల్ల రోజూ సాయంత్రం జల్లు పడుతోంది. ఈ రెండు చోట్లలో ఏది మేలు? వారు వచ్చే లోపు మేము చేయవలసినవి, చేయకూడనివి ఏమిటి? మా పక్కింటి వారు, కిటికీలకు అద్దాలు కోసే దుకాణంలో కొలత ఇస్తే తక్కువ ధరకే కోసి ఇస్తారని చెబుతున్నారు. అది సరైనదేనా? అమ్మను వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లవలసి ఉన్నందున, ఈ పని ఒక్కసారితోనే సవ్యంగా పూర్తి కావాలని నా ఆరాటం.

జవాబు 1: వాహనాల అద్దాల పనిలో ఉన్నవాడిని, వరంగల్

మేడమ్ గారికి నమస్కారం. ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో ప్రమాదం ఉంది. దయచేసి కోసిన మామూలు అద్దం పెట్టించకండి. కారు పక్క తలుపులకు వాడేది టఫెన్డ్ గ్లాస్. దానిని ముందుగా తలుపు ఆకారానికి కోసి, రంధ్రాలు వేసి, ఆ తర్వాత 600 డిగ్రీల సెల్సియస్ దాటేంతగా వేడి చేసి, గాలితో వేగంగా చల్లారుస్తారు. అలా చేయడం వల్ల పైపొర బిగుసుకొని గట్టిపడుతుంది, లోపలి భాగం లాగినట్టుగా ఉండిపోతుంది. పైపొర ఒక్క చోట తెగినా ఆ లాగుడంతా ఒక్కసారిగా విడుదలై అద్దం మొత్తం గింజలుగా రాలుతుంది. మీ కారులో జరిగింది అదే. గింజలుగా రాలడమే దాని రక్షణ గుణం. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పొడవైన పెంకులు వస్తాయి, అవి పక్కన కూర్చున్న పిల్లల మెడకు, ముఖానికి తగలవచ్చు. టఫెన్డ్ అద్దాన్ని తయారైన తర్వాత కోయడం సాధ్యం కాదు కనుక, సరిగ్గా మీ మోడల్‌కు, మీ తలుపుకు చేసిన అద్దమే తెప్పించుకోవాలి.

అందుకే మీరు చేయవలసిన సిద్ధతలో మొదటిదీ ముఖ్యమైనదీ, దుకాణం వారికి సరైన వివరాలు పంపడం. మా దగ్గర పని వాయిదా పడే సందర్భాల్లో చాలా వాటికి కారణం వాన కాదు, తప్పు అద్దం తీసుకొని రావడం. ఒకే పేరుతో ఉన్న కారుకు పాత రూపం, కొత్త రూపం అని రెండు రకాలు ఉంటాయి, వాటి తలుపులు చూడటానికి ఒకేలా కనిపించినా అద్దం వంపు వేరుగా ఉండవచ్చు. కుడి అద్దం ఎడమకు పట్టదు. కనుక ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, తయారైన నెల, సంవత్సరం, వేరియంట్ పేరు పంపండి. దానితో పాటు, పగలని కుడి వైపు వెనక తలుపు అద్దం మూలన చిన్న అక్షరాల్లో ఉండే ముద్రను దగ్గరగా ఫోటో తీసి పంపండి. అందులో తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే ప్రమాణ సంఖ్య ఉంటాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉందా, తెల్లగా ఉందా అన్నది కూడా ఆ ఫోటోలో తెలిసిపోతుంది. వెనక తలుపులో పెద్ద అద్దం పక్కన మూలకు కదలని చిన్న అద్దం ఉంటే, పగిలింది ఏదో స్పష్టంగా చెప్పండి. తెచ్చిన కొత్త అద్దం మీద ముద్రను, బిగించక ముందే పక్క అద్దంతో మీరు స్వయంగా పోల్చి చూసుకోండి. ఆ మాట అడిగితే మేము నొచ్చుకోము.

ఇక స్థలం సంగతి. నా అభిప్రాయంలో మీ ఆఫీసు షెడ్డే మంచిది. తలుపును పూర్తిగా తెరిచి, దాని ముందు మనిషి కూర్చొని పని చేయాలి కనుక ఎడమ వైపు కనీసం నాలుగడుగుల ఖాళీ కావాలి. మీ గల్లీలో బండ్లు వస్తూ పోతూ ఉంటే తలుపును మాటిమాటికీ మూయవలసి వస్తుంది. వాలు నేల మీద తెరిచిన తలుపు తనంతట తాను మూసుకోవడానికి చూస్తుంది, చేతిలో అద్దం ఉన్నప్పుడు అది చాలా ఇబ్బంది. పైకప్పు కూడా తప్పనిసరి అనుకోండి. తలుపు లోపలి వైపు ఉండే ప్యాడ్‌ను విప్పిన తర్వాత, దాని వెనక నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ పట్టా ఒకటి కనిపిస్తుంది. దానిని ఒలిచి, పని అయ్యాక తిరిగి అంటించాలి. ఇనుప రేకు తడిగా ఉంటే ఆ జిగురు పట్టదు. వ్యాక్యూమ్ క్లీనర్ కోసం దగ్గరలో ఒక కరెంటు ప్లగ్ ఉంటే చాలు, పొడవైన వైరు మేమే తెచ్చుకుంటాము. గేటు దగ్గర పనివారి పేరు, బండి నంబరు ముందురోజే రాయించి పెట్టండి. తాళం చెవితో మీరు గానీ, మీ మనిషి గానీ అందుబాటులో ఉండాలి, ఎందుకంటే అద్దాన్ని పైకి కిందికి నడిపే రెగ్యులేటర్‌ను, మేము మిషన్ అంటాము, కదిలించడానికి ఇగ్నిషన్ ఆన్ చేయవలసి ఉంటుంది.

అప్పటి వరకు ఆ తలుపు పవర్ విండో బటన్‌ను ఎవరూ నొక్కకుండా చూడండి. తలుపు లోపల పడిన ముక్కలు మిషన్‌లో, అద్దం అంచును పట్టి ఉంచే రబ్బరు బీడింగ్ గాడిలో ఇరుక్కొని ఉంటాయి. బటన్ నొక్కితే అద్దం ఖర్చుకు మిషన్ ఖర్చు తోడవుతుంది. వాన నీరు లోపలికి పోకుండా మందమైన ప్లాస్టిక్ కవరును తలుపు చట్రం పై నుంచి లోపలికి మడిచి తలుపు మూయండి, కవరు దానంతట అదే బిగుసుకుంటుంది. రంగు మీద టేపు అంటించి ఎండలో వదిలేస్తే జిగురు మరకలు పోవడం కష్టం.

జవాబు 2: విశ్రాంత బీమా సర్వేయర్‌ను, కరీంనగర్

అద్దాల పని గురించి పై మిత్రులు వివరంగా చెప్పారు. నేను చెప్పేది దానికంటే ముందు జరగవలసిన విషయం. మీకు సొంత కారుకు జరిగే నష్టాన్ని కూడా భరించే సమగ్ర బీమా పాలసీ ఉండి, క్లెయిమ్ చేసే ఆలోచన ఏ మాత్రం ఉన్నా, కారును శుభ్రం చేయక ముందే బీమా సంస్థకు ఫోన్ చేసి నమోదు చేయించండి. నంబరు ప్లేటు, పగిలిన తలుపు ఒకే ఫోటోలో కనిపించేలా తీయండి, సీటు మీది ముక్కలను కూడా తీయండి. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చూడక ముందు అద్దం మార్చితే ఆ క్లెయిమ్ నిలవడం కష్టమవుతుంది. ఇంటికి వచ్చి చేసే దుకాణం బిల్లును మీ సంస్థ అంగీకరిస్తుందా అన్నది కూడా అప్పుడే అడగండి.

అయితే క్లెయిమ్ చేయడం లాభమా అన్నది లెక్క వేసుకొని నిర్ణయించండి. అద్దానికి తరుగుదల కోత, అంటే భాగం పాతబడినందుకు బీమా సొమ్ములో తగ్గించేది, ఉండదు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం 50 శాతం కోస్తారు. 1500 సీసీ వరకు ఉన్న కార్లకు 1000 రూపాయలు, అంతకు మించిన వాటికి 2000 రూపాయలు తప్పనిసరిగా యజమానే భరించాలి. వీటికంటే పెద్ద నష్టం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో దొరికే రాయితీ, పోవడం. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై, వరుసగా 25, 35, 45 దాటి 50 శాతానికి చేరే ఆ రాయితీ, బోనస్ రక్షణ కవర్ తీసుకోని పక్షంలో, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది. ఐదేళ్లుగా క్లెయిమ్ లేనివారు ఒక చిన్న తలుపు అద్దం కోసం ఆ బోనస్‌ను పోగొట్టుకోవడం నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను, ప్రతిసారీ బాధ కలిగేది. అందుకే ముందు అద్దం ధర తెలుసుకోండి, తర్వాతే ఫోన్ చేయండి.

జవాబు 3: రైల్వే ఉద్యోగిని, కాజీపేట

ఈ చర్చను తర్వాత చదివేవారిలో ముందు అద్దం పగిలినవారు కూడా ఉంటారు కనుక నా అనుభవం రాస్తున్నాను. తలుపు అద్దం బోల్టులతోనో, క్లిప్పులతోనో మిషన్‌కు బిగుస్తుంది, పని ముగిసిన వెంటనే కారు నడపవచ్చు. ముందు అద్దం అలా కాదు. అది రెండు అద్దాల నడుమ ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గ్లాస్, దానిని యూరిథేన్ జిగురుతో చట్రానికి అంటిస్తారు. ఆ జిగురు గాలిలోని తేమను తీసుకొని గట్టిపడుతుంది. ఎంతసేపటికి కారు కదిలించవచ్చు అన్నది జిగురు రకాన్ని, ఆనాటి వాతావరణాన్ని బట్టి మారుతుంది కనుక, ఆ సమయాన్ని పనివారి చేత బిల్లు మీద రాయించుకోవాలి. నేను రెండేళ్ల కింద పని చేసే చోటనే మార్పించాను. డ్యూటీ ముగిసే వరకు కారు ఎలాగూ కదలదు కనుక జిగురుకు కావలసినంత సమయం దొరికింది. మొదటి రోజు ఒక కిటికీని కొద్దిగా దించి ఉంచమన్నారు. అన్నీ మూసి తలుపును గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడికి పచ్చి జిగురు కదులుతుందట.

నేను మరిచిపోయినది ముందు అద్దానికి అంటించి ఉండే టోల్ ట్యాగ్, ఫాస్టాగ్. పాత అద్దంతో పాటే అది పోయింది. రెండో రోజు హైదరాబాద్ బయలుదేరితే కోమల్ల టోల్ గేటు దగ్గర ఎక్కువ రుసుము కట్టవలసి వచ్చింది. పని తేదీ ఖాయం కాగానే, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులోనే మార్పిడి ట్యాగ్ కోసం అడగండి. అద్దం వెనక కెమెరా గానీ, వాన సెన్సరు గానీ ఉన్న కార్లవారు, కెమెరాను తిరిగి సరిచేసే పరికరం పనివారి దగ్గర ఉందో లేదో ముందుగానే తెలుసుకోవాలి. లేకపోతే అటువంటి కారును సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లడమే మంచిది.

జవాబు 4: హంటర్ రోడ్డు గృహిణిని

అక్కా, సీటు మీది పెద్ద ముక్కలను చేతికి మందపాటి గ్లౌజులు వేసుకొని ఏరిన తర్వాత, కంటికి కనిపించని నలుసులు సీటు కుట్లలో మిగిలిపోతాయి. మా ఇంట్లో గాజు సామాను పగిలినప్పుడు చేసినట్టే, తడిపిన గోధుమ పిండి ముద్దతో మెల్లగా అద్దుతూ పోతే అవి పిండికి అంటుకొని వస్తాయి. ఆ ముద్దను కాగితంలో చుట్టి, పశువులకు అందని చోట పారవేయండి. పిల్లల సీటు ఉంటే దానిని ముందే బయటికి తీసి, పట్టీల మడతల్లోనూ వెతకండి. తలుపు జేబుల్లోని సీసాలు, కాగితాలు, కిటికీకి తగిలించిన తెరలు కూడా తీసి పెట్టుకోవాలి.

ప్రశ్న వేసినవారు: కుమార్‌పల్లి నివాసి

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. లెక్క వేసి చూస్తే నాకు 45 శాతం బోనస్ ఉంది, కనుక క్లెయిమ్ చేయలేదు. గురువారం మా ఆఫీసు షెడ్డులోనే పని జరిగింది. కుడి తలుపు ముద్ర ఫోటో పంపడం ఎంత మంచిదైందో చెప్పలేను. అది చూసిన తర్వాతే దుకాణం వారు, తాము పక్కన పెట్టినది పాత రూపం కారు అద్దమని గుర్తించి మరొకటి తెప్పించారు.

పని గంటన్నర పట్టింది, అందులో సగం సమయం తలుపు అడుగున ముక్కలు తీయడానికే సరిపోయింది. అయితే ఒక సందేహం. తలుపు వేసినప్పుడు ఇంకా గలగలమనే చప్పుడు సన్నగా వినిపిస్తోంది. పైగా వారు నల్ల ఫిల్మ్ కూడా వేయమంటారా అని అడిగారు. నేను వద్దన్నాను. సరిగ్గానే చేశానా?

జవాబు 5: వాహనాల అద్దాల పనిలో ఉన్నవాడిని, వరంగల్

సరిగ్గానే చేశారు మేడమ్. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్ విషయంలో కఠినంగా తీర్పు ఇచ్చింది కనుక, ఆ జోలికి పోకపోవడమే మేలు.

చప్పుడు వినిపిస్తోందంటే కొన్ని ముక్కలు అడుగున మిగిలాయి. అవి తలుపు కింది అంచున ఉండే నీటి రంధ్రాలకు అడ్డుపడితే నీరు నిలిచి రేకు తుప్పు పడుతుంది. ఒక పరీక్ష చేయండి. అద్దం పూర్తిగా ఎత్తి, బయటి వైపు నుంచి అద్దం మీద రెండు మగ్గుల నీళ్లు నెమ్మదిగా పోయండి. వాన నీరు తలుపు లోపలికి దిగడం సహజమే, అది కింది రంధ్రాల నుంచి బయటికి కారాలి. కారకపోయినా, లోపల కాళ్ల దగ్గర పట్టా తడిసినా వారిని తిరిగి పిలవండి.

ప్రశ్న వేసినవారు: కుమార్‌పల్లి నివాసి

మీరు చెప్పినట్టే శనివారం నీళ్లు పోశాము. ఒక రంధ్రం నుంచి చుక్క కూడా రాలేదు, కాళ్ల దగ్గర పట్టా అంచు తడిసింది. ఫోన్ చేస్తే వారు ఏ పేచీ లేకుండా ఆదివారం ఉదయమే ఇంటికి వచ్చారు. ప్యాడ్ విప్పి చూస్తే ప్లాస్టిక్ పట్టా కింది అంచు ఒక జానెడు మేర అంటుకోలేదు, ఆ రంధ్రంలో రెండు గాజు ముక్కలు ఇరుక్కొని ఉన్నాయి. వాటిని తీసి, రేకును పొడి గుడ్డతో తుడిచి, పట్టాను కొత్త జిగురుతో తిరిగి అంటించారు. తర్వాత వారి ముందే మరో రెండు మగ్గుల నీళ్లు పోశాము. ఈసారి నీరంతా కింది రంధ్రాల నుంచే కారింది, కాళ్ల దగ్గరి పట్టా పొడిగానే ఉంది.