ఆర్థోగోనల్ అరేని ‘లంబ పట్టిక’ అనొచ్చా?

కావలి నుంచి: డిగ్రీ పిల్లలకి గణాంక పాఠం తెలుగులో తయారవుతోంది. ప్రయోగాలు ఎలా వేయాలో చెప్పే పట్టిక, ఆర్థోగోనల్ అరేకి ‘లంబ పట్టిక’ అని పెట్టాం. పెద్దలు చెప్పాలి.

ఒంగోలు నుంచి: వద్దండీ. లంబం అనగానే పిల్లలకి మేస్త్రీ మూలమట్టం గుర్తొస్తుంది. ఇక్కడ ఉన్నది కోణం కాదు, లెక్క. ఏ రెండు నిలువు వరుసలు తీసుకున్నా అన్ని జతలూ సరిసమానంగా రావాలి. మన ఛందస్సులోనే చూపించొచ్చు. మూడక్షరాల గణాలు ఎనిమిదిలో నాలుగే తీసి ఒకదాని కింద ఒకటి రాయండి:

న – లలల
య – లగగ
ర – గలగ
త – గగల

ఏ రెండు స్థానాలు చూసినా లల, లగ, గల, గగ ఒక్కోటి ఒక్కసారే వస్తాయి. మూడు స్థానాలూ కలిపి చూస్తే లలగ, అంటే సగణం, లేదు. ఎన్ని వరుసల దాకా ఈ సమానత్వం నిలుస్తుందో అదే స్ట్రెంత్. అందుకని దీని స్ట్రెంత్ 2, అంతకు మించదు. మిగిలిన మ, భ, జ, స కూడా ఇట్టాంటి జట్టే.

కావలి నుంచి: లఘువుకి +1, గురువుకి −1 వేసి ఏ రెండు నిలువు వరుసలు గుణించి కూడినా సున్నా వస్తుంది మాస్టారూ. లంబం అక్కడుంది కదా?

ఒంగోలు నుంచి: నిజమే, పేరు పుట్టింది అక్కడే. అయితే స్ట్రెంత్ 3 అన్నప్పుడు మూడేసి వరుసల సంగతి చెప్పాలి. ‘లంబం’ రెండింటి దగ్గరే ఆగిపోతుంది. 1940ల్లో మన గణాంకవేత్త సి.ఆర్. రావుగారు వీటిని ప్రవేశపెట్టినప్పుడే స్ట్రెంత్ అనేది నిర్వచనంలో భాగం.

ఆత్మకూరు నుంచి: పొలం ఉదాహరణ కూడా పెట్టండి. వరి రకం (ఎన్‌ఎల్‌ఆర్ 34449 లేదా బీపీటీ 5204), నాటు ఎడం, యూరియా మోతాదు; ఒక్కోదానికి రెండేసి స్థాయిలు. ఎనిమిది మడులకు బదులు నాలుగు మడులు చాలు, పైనున్న న, య, ర, త లాగానే. ప్రమాదం ఒకటుంది. రకానికీ ఎడానికీ మధ్య పొత్తు ప్రభావం (ఒకదాని ఫలితం రెండోదాన్ని బట్టి మారడం) ఉంటే అది యూరియా ఫలితంలో కలిసిపోతుంది, విడదీయలేం. ఆ అనుమానం ఉంటే ఎనిమిది మడులూ వేయాల్సిందే.

నెల్లూరు నుంచి: 0, 1లు తీసుకొని 0 గానీ 1 గానీ ఇచ్చే బూలియన్ ఫంక్షన్ల వైపు కూడా చూడండి. విలువ 1 ఇచ్చే ఇన్‌పుట్లు వరుసలుగా రాస్తే స్ట్రెంత్ t ఉన్న అరే వచ్చిందా, ఆ ఫంక్షన్ t దాకా కోరిలేషన్ ఇమ్యూన్ (అంటే ఏ t ఇన్‌పుట్లు చూసినా అవుట్‌పుట్ గురించి ఏమీ తెలియదు), రాకపోతే కాదు. ల=0, గ=1 అనుకుంటే, మూడు బిట్లలో 1లు బేసి సంఖ్యలో ఉంటే 1 ఇచ్చే ఎక్సార్‌కి మ, భ, జ, స వస్తాయి, స్ట్రెంత్ 2. ఎక్కువ బిట్లు ఏవైతే అదే ఇచ్చే మెజారిటీ ఫంక్షన్‌కి మ, త, ర, య వస్తాయి: మొదటి స్థానంలో మూడు గ, ఒక్క ల. ఆ వాలు వల్ల అవుట్‌పుట్ 8లో 6 సార్లు మొదటి బిట్‌తో కలుస్తుంది. రిజిస్టర్ల నుంచి బిట్ల ధార తీసి సందేశాన్ని దాచే స్ట్రీమ్ సైఫర్‌లో ఇది పెడితే, మూడు రిజిస్టర్ల తాళాలు ఒక్కసారే వెతకక్కర్లేదు, ఒక్కోటీ విడిగా పట్టేయొచ్చు. ఎక్సార్‌కి ఆ వాలు లేదు గాని డిగ్రీ (బహుపదిగా రాస్తే ఒక పదంలో కలిసి గుణించే చలరాశుల గరిష్ఠ సంఖ్య) 1, లీనియర్ కాబట్టి వేరే దారిలో విరిగిపోతుంది. కోరిలేషన్ ఇమ్యూనిటీ, డిగ్రీ కలిపి చలరాశుల సంఖ్యను దాటవని 1984లో సీగెంథాలర్ చూపించాడు.

కావలి నుంచి: అయితే ‘సమతుల్య పట్టిక’?

నెల్లూరు నుంచి: అది, సగం ఇన్‌పుట్లకి 1, సగానికి 0 ఇచ్చే బ్యాలెన్స్‌డ్ ఫంక్షన్‌తో తగాదా పడుతుందండీ. మెజారిటీ బ్యాలెన్స్‌డే, అయినా దాని స్ట్రెంత్ సున్నా.

ఒంగోలు నుంచి: స్ట్రెంత్‌కి ‘పట్టు’ అనండి. ‘పట్టు 2 ఉన్న ఆర్థోగోనల్ అరే’. అరే పేరు అట్టాగే ఉంచి, కింద న, య, ర, త రాయండి.