రోడ్డు మీద జరిగేది యాక్సిడెంటా, క్రాషా?

సబ్‌ఎడిటర్, విజయవాడ:
మా వెబ్ డెస్క్‌లో కొన్నాళ్లుగా ఇదే వాదన. బయటి ఏజెన్సీల నుంచి వచ్చే ఇంగ్లిష్ కాపీల్లో ఒకే తరహా వార్తకు ఒకరు యాక్సిడెంట్ అని రాస్తారు, ఇంకొకరు క్రాష్ అంటారు. పక్క సీటు మిత్రుడు రెండూ ఒకటే, ఏది పెడితే ఏంటంటాడు. నేను ఒప్పుకోను.

క్రాష్ అనేది ఏం జరిగిందో మాత్రమే చెబుతుంది. బండి ఇంకో బండినో, డివైడర్‌నో, మనిషినో బలంగా ఢీకొట్టింది. ఎందుకు ఢీకొట్టిందన్నది ఆ మాటలో లేదు. యాక్సిడెంట్ అలా కాదు, అనుకోకుండా జరిగిపోయిందన్న తీర్పును వెంటబెట్టుకుని వస్తుంది. ‘బై యాక్సిడెంట్’ అంటే కావాలని చేసింది కాదనే కదా అర్థం! ఫుల్లుగా తాగి, బస్టాప్‌లో నిలబడ్డవాళ్ల మీదికి కారు ఎక్కించినవాడి వార్తలో ఆ మాట రాస్తే, విచారణ మొదలవకముందే మనం వాడి తరఫున మాట్లాడినట్టే.

ఈ అభ్యంతరం కొత్తదేమీ కాదు. యాక్సిడెంట్ అనే మాటను తమ పేజీల్లోకి రానివ్వబోమని బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లోనే ప్రకటించింది. చాలా గాయాలు ముందే ఊహించదగ్గవి, ఆపదగ్గవి అన్నది వాళ్ల వాదన. న్యూయార్క్ పోలీసులు 2013లో తమ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ స్క్వాడ్‌ను కొలిజన్ ఇన్వెస్టిగేషన్ స్క్వాడ్‌గా మార్చుకున్నారు, కొలిజన్ అంటే ఢీకొనడం. నిర్లక్ష్యం ఉందని ఆరోపణ వచ్చిన చోట, రుజువైన చోట యాక్సిడెంట్ అనొద్దని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ స్టైల్‌బుక్, అంటే రాత నియమాల పుస్తకం, 2016లో చెప్పింది. మీరేమంటారు?

వకీలు, గుంటూరు:
సగం ఒప్పుకుంటానండీ. మిగతా సగంలో మీరు ఆ మాటకు లేని బరువు ఎత్తుతున్నారు.

మా మోటారు వాహనాల చట్టంలో అంతా యాక్సిడెంటే. నష్టపరిహారం తేల్చే కోర్టు పేరే మోటార్ యాక్సిడెంట్స్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్. అక్కడ ఎంవీఓపీ, అంటే నష్టపరిహారం పిటిషన్, వేసేటప్పుడు మేం రాసే వాక్యం చూడండి: ‘సదరు లారీ డ్రైవర్ అతివేగంగా, అజాగ్రత్తగా నడపడం వల్లే ఈ యాక్సిడెంట్ జరిగినది’. తప్పు ఎవరిదో వేలు పెట్టి చూపిస్తూనే యాక్సిడెంట్ అంటున్నాం. జడ్జిగారికి అందులో ఎక్కడా వైరుధ్యం కనిపించదు. ఇక్కడ యాక్సిడెంట్ అంటే ఘటన, అంతే.

మీకు పనికొచ్చే పాయింటు కూడా నేనే ఇస్తాను. పాత ఐపీసీ 80వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 18వది. చట్టబద్ధమైన పనిని చట్టబద్ధంగా, తగిన జాగ్రత్తతో చేస్తుండగా, చెడు ఉద్దేశం లేకుండా యాక్సిడెంట్ వల్లో దురదృష్టం వల్లో ఏదైనా జరిగితే అది నేరం కాదంటుంది. అక్కడి యాక్సిడెంట్ మీరు చెప్పిన అర్థంలోనిదే. కానీ ఆ రక్షణ దొరకాలంటే ‘తగిన జాగ్రత్త’ ఉండాలి. అజాగ్రత్తగా నడిపి ప్రాణం తీస్తే వచ్చేది అదే సంహితలోని 106వ సెక్షన్. పాత 304ఎలో రెండేళ్ల వరకు ఉన్న శిక్ష ఇందులో ఐదేళ్ల వరకు పెరిగింది. విచిత్రమేంటంటే స్టేషన్‌లో రైటర్ దగ్గర్నుంచి మా దాకా అందరం ‘యాక్సిడెంట్ కేసు’ అనేది ఈ కేసునే.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ముఖ్యం. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలో ఆ మాటకు నిర్వచనం ఉంటుంది: అకస్మాత్తుగా, ఊహించని విధంగా, తన ప్రమేయం లేకుండా, బయటి కారణం వల్ల జరిగినది. మనిషి గుండెపోటుతో బండి మీదే పోయి కిందపడ్డాడా, కిందపడి తలకు దెబ్బతగిలి పోయాడా అన్నదాని మీద ఆ ఇంటికి డబ్బు వస్తుందో రాదో తేలుతుంది. క్రాష్ అన్న మాట ఆ తేడాను పట్టుకోలేదు.

విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్, శంషాబాద్:
వకీలుగారి మాటకు మా వైపు నుంచి ఇంకో సాక్ష్యం. విమానయానంలో యాక్సిడెంట్, ఇన్సిడెంట్ అనే రెండు మాటలకూ అంతర్జాతీయ నిర్వచనాలున్నాయి. విమానం ఎక్కడానికి జనం లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి అందరూ దిగేదాకా, ఆ విమానం వల్ల ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా యాక్సిడెంట్. తీవ్ర గాయం అంటే ఏంటన్నది కూడా రాసి ఉంటుంది. ఎముక విరిగితే తీవ్ర గాయమే, కానీ చేతివేళ్లు, కాలివేళ్లు, ముక్కు మామూలుగా విరిగితే లెక్కలోకి రావు.

కాబట్టి గాలి కుదుపులకు ఓ ప్రయాణికురాలు సీటులోంచి ఎగిరిపడి కాలు విరిగిందనుకోండి. విమానం క్షేమంగా దిగినా మా లెక్కలో అది యాక్సిడెంటే. క్రాష్ మాత్రం కాదు. క్రాష్ అనేది మా దగ్గర మామూలు వాడుక మాట, ఎక్కువగా టీవీలవాళ్లు అంటారు.

మన దేశంలో దర్యాప్తు చేసే సంస్థ పేరు ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో. పేరులో యాక్సిడెంట్ ఉందని అక్కడెవరూ తలరాత అనుకుని ఫైలు మూసేయరు. ఒక్క బోల్టు దగ్గర్నుంచి మొత్తం తిరగేస్తారు. తప్పు మాటది కాదండీ.

ఆర్థో డాక్టర్, ఖమ్మం:
ఇంజినీర్‌గారూ, మీ ఉదాహరణే మీ వాదనకు అడ్డొస్తోంది. విమానం విషయంలో యాక్సిడెంట్ అనగానే దర్యాప్తు మొదలవుతుంది. రోడ్డు మీద యాక్సిడెంట్ అనగానే దర్యాప్తు ముగిసిపోతుంది. ఒకే మాట రెండు చోట్ల రెండు పనులు చేస్తోంది.

రాత్రిపూట క్యాజువాల్టీకి వచ్చి చూడండి. కేస్‌షీట్ మీద ‘ఆర్‌టీఏ’ అని మూడక్షరాలు పడతాయి, రోడ్ ట్రాఫిక్ యాక్సిడెంట్ అని. ఆ తర్వాత ఇంకేమీ ఉండదు. బైక్ నడుపుతున్నాడా, వెనక కూర్చున్నాడా? హెల్మెట్ ఉందా, ఉంటే బకిల్ పెట్టుకున్నాడా? ఎదురుగా గుద్దారా, వెనకనుంచా? ఏ మలుపు దగ్గర? ఇవి రాసే అలవాటే తక్కువ. ఒకే జంక్షన్ నుంచి ఒకే రకంగా మోకాలి కింద ఎముక నుజ్జయి వస్తుంటే, దాన్ని అనుకోకుండా జరిగిందని ఎలా అంటాం? ఐదొందల మీటర్ల పరిధిలో మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో అయిన ఘటనలు ఐదు జరిగినా, పదిమంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అనాలని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. మళ్లీ ఇక్కడే జరుగుతుందని ముందే తెలిసిన చోటన్నమాట.

అదే శాఖ ఏటా వేసే నివేదిక పేరేమో ‘రోడ్ యాక్సిడెంట్స్ ఇన్ ఇండియా’. 2022 లెక్క ప్రకారం 4,61,312 ఘటనలు, 1,68,491 మంది మృతి. ఆ చావుల్లో నూటికి 70కి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. వేగం ఎవరో ఒకరు పెంచితేనే పెరుగుతుంది.

ఎన్నారై, డల్లాస్:
ఇక్కడి వాడుక చెబుతాను. పోలీసుల ప్రకటనల్లో, రోడ్ల శాఖ బోర్డుల మీద, పేపర్లలో క్రాష్ ఎక్కువగా వినిపిస్తుంది. మామూలు జనం నోట మాత్రం ఇప్పటికీ యాక్సిడెంటే. ఆఫీసుకు లేటయితే యాక్సిడెంట్ అయిందనే చెబుతారు. పార్కింగ్‌లో బంపర్‌కు బంపర్ తగిలితే దాన్ని క్రాష్ అంటే వినేవాళ్లు కంగారుపడతారు, అది పెద్ద మాట. సర్వర్ క్రాష్, మార్కెట్ క్రాష్ అని మనమూ అంటాం కదా, కుప్పకూలిన ధ్వని ఉంటుంది అందులో.

ఇంకో సంగతి. క్రాష్ అని రాసే పేపర్లు కూడా కింద ‘నడిచి వెళ్తున్న మహిళను కారు ఢీకొంది’ అని రాస్తాయి. కారు ఢీకొంది! నడిపినవాడు వాక్యంలోనే ఉండడు. నామవాచకం మార్చి అక్కడే ఆగిపోతే లాభం లేదు.

టీచర్, నల్గొండ జిల్లా:
మా అన్నయ్య రాత్రిపూట బండి మీద వస్తూ, రోడ్డు మీద ఆపి ఉంచిన పత్తి ట్రాక్టర్‌ను గుద్దుకుని పోయాడు. ట్రాలీకి వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. చావింటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ‘యాక్సిడెంట్ అయింది, ఏం చేస్తామమ్మా’ అన్నారు. ‘అయింది’ అన్న మాటతో అందరి నోళ్లూ మూతపడ్డాయి. ట్రాలీ అక్కడ ఎవరు పెట్టారని అడిగితే, పోయినవాడు తిరిగొస్తాడా అని నన్నే ఊరుకోమన్నారు. ఇంగ్లిష్‌లో ఏ మాట సరైనదో మీరు తేల్చండి. నాకు మాత్రం డాక్టర్‌గారి మాటే మనసుకు పట్టింది.

సబ్‌ఎడిటర్, విజయవాడ:
టీచర్‌గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. దాన్ని అడగనివ్వని రాతలు మా పేజీల్లో రోజూ కనిపిస్తాయి. ‘అదుపు తప్పిన లారీ’, ‘మృత్యువు రూపంలో దూసుకొచ్చిన బస్సు’, ‘నెత్తురోడిన రహదారి’. ఇవన్నీ మా దగ్గర రెడీమేడ్ హెడ్డింగులు. వీటిలో నడిపినవాడు, ఆపినవాడు, ఆ రోడ్డు వేసినవాడు ఎవరూ కనిపించరు.

వకీలుగారి మాట విన్నాక నా నియమాన్ని కొంచెం సవరిస్తున్నాను. చట్టం పేరు, ట్రిబ్యునల్ పేరు, పాలసీ పేరు వచ్చిన చోట యాక్సిడెంట్ అలాగే ఉంటుంది. వార్తలో మా సొంత వాక్యం దగ్గర మాత్రం క్రాష్. తెలుగు కాపీలో అయితే ‘ఫలానా వ్యక్తి నడుపుతున్న కారు ఢీకొట్టింది’ అని, తెలిసినంత మేరకు మనిషిని పెట్టి రాయడం.

వకీలు, గుంటూరు:
అలాగైతే నాకు పేచీ లేదండీ. మాట ఒక్కటి మారిస్తే అంతా మారుతుందన్న నమ్మకం మీదే నా అభ్యంతరం.

టీచర్‌గారూ, మీ కేసు ఏ దశలో ఉందో తెలియదు గానీ ఒక్కటి గమనించండి. ఫిర్యాదు కాపీలో ‘ఆగి ఉన్న ట్రాక్టర్‌ను ఢీకొని’ అని మాత్రమే ఉంటే తప్పంతా మీ అన్నయ్య మీదికే తోస్తారు. లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు, రోడ్డు మీద ఇంత మేర అడ్డంగా ఉంది అన్నవి రాతలో ఉండాలి. పంచనామా, సీన్ స్కెచ్ కాపీలు అడిగి తీసుకోండి, ట్రాలీ ఎక్కడుందో స్కెచ్‌లో గీసి ఉంటుంది.