ట్రాంపొలిన్ కోచింగ్‌నే జీవితాంతం నమ్ముకోవచ్చా?

మేం టొరంటో దగ్గర ఉంటాం. చిన్నప్పట్నుంచీ ట్రాంపొలిన్ (సాగే వలమీద ఎగురుతూ గాల్లో పల్టీలు కొట్టే ఆట) పోటీలకెళ్లిన మా అమ్మాయి, డిగ్రీ అవ్వగానే కోచ్ అవుతానంటోంది. అడిగితే ఇక్కడి కోచ్ డేవ్ రాస్‌ని చూపిస్తుంది. ఆయన శిష్యురాలు కారెన్ కాక్‌బర్న్ 2000 నుంచి వరసగా మూడు ఒలింపిక్స్‌లో పతకాలు తెచ్చింది. ఆయన దగ్గరే నేర్చుకున్న రోజీ మెక్‌లెనన్‌కైతే 2012, 2016లో స్వర్ణాలే. సరే, అలాంటి కోచ్‌లు ఎందరుంటారు?

మొన్న జిమ్‌లో ఓ పిల్ల గాల్లో అదుపు తప్పింది. పక్కనే నిలబడ్డ కోచ్ రెప్పపాటులో మ్యాట్‌ని ఆ పిల్ల కిందకి తోసేసింది. పిల్ల దానిమీద పడి నవ్వింది, నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది.

యాభై దాటాక కూడా ఈ పని చెయ్యగలరా? జీతంతో ఇల్లు గడుస్తుందా, పక్కన ఇంకో ఉద్యోగం తప్పదా? ఈ రంగంలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్ల నాన్న చెవిన వేసే ముందు నాకే ఓ స్పష్టత కావాలి.