ట్రామెటీస్‌కు జంటగా ఏ శిలీంధ్రం? లాకేస్ పెరగడం లేదు

శ్రీలత:
లాకేస్ (కట్టె, గడ్డిలోని లిగ్నిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్) కోసం వరిగడ్డి మీద ట్రామెటీస్ వెర్సికలర్, ఫానెరోకీట్ క్రైసోస్పోరియం అనే రెండు శిలీంధ్రాలు కలిపి పెంచుతున్నాం. 250 మి.లీ. ఫ్లాస్కు, 10 గ్రాముల ఎండుగడ్డి, 20 మి.లీ. నీళ్లు, 30 డిగ్రీలు. ఏడో రోజు ఏబీటీఎస్‌తో (లాకేస్ తగిలితే ఆకుపచ్చగా మారే రసాయనం) చూస్తే జంటలో లాకేస్, ట్రామెటీస్ ఒక్కదానిలో వచ్చినంత కూడా లేదు. జంట మార్చాలా, పద్ధతి మార్చాలా?

రఘు:
ముందు జంట మార్చండి. ఫానెరోకీట్‌లో అసలైన లాకేస్ జన్యువులే లేవు. దాని బలమంతా లిగ్నిన్ పెరాక్సిడేజ్, మాంగనీస్ పెరాక్సిడేజ్ అనే వేరే ఎంజైమ్‌లు. పైగా దానికి 37–39 డిగ్రీలు కావాలి, ట్రామెటీస్‌కు 25–28 చాలు. మీ ఫ్లాస్కులో అది గడ్డి తింటుందే గాని లాకేస్ ఇవ్వదు. ప్లూరోటస్ ఆస్ట్రియేటస్ (ఆయిస్టర్ పుట్టగొడుగు) పెట్టి 26 డిగ్రీల దగ్గర చూడండి.

ఫ్లాస్కులకంటే ముందు ప్లేట్లు వేయండి. పీడీఏలో (బంగాళాదుంప అగర్ మాధ్యమం) 0.02 శాతం గయాకాల్ (లాకేస్ తగిలితే ఎర్రబడే రసాయనం), ఒక్కో శిలీంధ్రానిది ఒకటి చొప్పున 5 మి.మీ. ముక్కలు రెండు, 4 సెం.మీ. ఎడంగా, చీకట్లో. రెండూ తగిలిన గీత వెంట ఎర్రటి గోధుమరంగు చిక్కబడితే ఆ జంట పనికొస్తుంది; లాకేస్ ఎగబాకేది ఆ సరిహద్దు పోరులోనే. గయాకాల్ లేని ప్లేటు కూడా పక్కన ఉంచండి. ఎదురుపడిన చోట శిలీంధ్రాలు సొంత రంగూ వదులుతాయి, దాన్ని ఎంజైమ్ అనుకునే ప్రమాదం ఉంది.

మాధవి:
కంట్రోల్ (పోలికకు పెట్టే ఒంటరి ఫ్లాస్కు) సంగతి ఎవరూ అడగలేదు. జంటలో చెరి మూడు ముక్కలు వేస్తే, ఒంటరి ఫ్లాస్కులో అదే శిలీంధ్రం ఆరు ముక్కలు పడాలి. లేకపోతే మీరు పోలుస్తున్నది విత్తిన మోతాదునే. ఏడో రోజు ఒక్కటే చూడటమూ చాలదు, జంటలో గరిష్ఠం ముందుకో వెనక్కో జరుగుతుంది. 4, 7, 10, 13 రోజులకు వేర్వేరు ఫ్లాస్కులు, ఒక్కో రోజుకు మూడేసి పెట్టుకోండి. కాపర్ సల్ఫేట్ వాడితే అన్నిటికీ వేయండి, అన్నట్టు మొదటి విడతలో మానేస్తేనే మేలు: రాగి తెచ్చే పెరుగుదలలో జంట ప్రభావం కనపడకుండా పోతుంది.

ఏబీటీఎస్ లెక్క: 1 సెం.మీ. క్యూవెట్‌లో (కాంతి కొలిచే చిన్న గాజు పాత్ర) మొత్తం 3 మి.లీ., అందులో ఎంజైమ్ 0.1 మి.లీ. అయితే, 420 నానోమీటర్ల దగ్గర నిమిషానికి పెరిగిన శోషణను 0.833తో గుణిస్తే మి.లీ.కు యూనిట్లు వస్తాయి. పలచన చేసి ఉంటే దానితోనూ గుణించాలి. ముందుగా కాటలేస్ (హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైమ్) కలపండి, ఆ పెరాక్సైడ్ మిగిలి ఉంటే పెరాక్సిడేజ్‌లు కూడా ఏబీటీఎస్‌ను ఆకుపచ్చ చేస్తాయి.

శ్రీలత:
ధన్యవాదాలండీ. జంటగా ట్రైకోడెర్మా (పచ్చ బూజు శిలీంధ్రం) అయితే లాకేస్ ఇంకా పెరుగుతుందంటారు కదా?

రఘు:
పెరగొచ్చు. కానీ మొదటి రోజే కలిపితే కొద్ది రోజుల్లో పచ్చబడి ట్రామెటీస్‌ను కప్పేస్తుంది. ట్రామెటీస్ గడ్డినంతా అల్లుకున్నాకే, కొంచెంగా వేయండి. ట్రైకోడెర్మా ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్‌లు) కూడా వదులుతుంది కాబట్టి తీయడం ఆలస్యమైతే వచ్చిన లాకేస్ కూడా తగ్గొచ్చు. ఆ బూజు పుట్టగొడుగులనూ పాడుచేస్తుంది, దగ్గర్లో పుట్టగొడుగుల షెడ్డు ఉంటే మాత్రం ఆ ఫ్లాస్కు తెరవనే వద్దు.