1971 యుద్ధంల కొట్లాడిన తాతకు ఊళ్లె సన్మానం: ఏమేం చూసుకోవాలె?

పరకాల యూత్:
మా ఊరి తాత 1971ల తూర్పు దిక్కు యుద్ధంల ఉండె. ఇప్పుడు 84 ఏండ్లు. పెన్షన్ మీద ఊరికొచ్చినంక బడిపిల్లలకు డ్రిల్లు నేర్పిండ్రు, చెరువు పూడిక తీసినప్పుడు ముందు నిలవడ్డరు. డిసెంబర్ 16, విజయ్ దివస్ నాడు హైస్కూల్ గ్రౌండుల సన్మానం పెట్టుకున్నం. మెడల్స్ నల్లబడ్డయి, రిబ్బన్లు చినిగినయి. షీల్డు మీద ఏం రాయించాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

రిబ్బన్ బార్:
ముందుగాల డిశ్చార్జ్ బుక్కు (మిలిటరీ నుంచి దిగినప్పుడు ఇచ్చే సర్వీస్ పుస్తకం) తెరువుండ్రి. సర్వీస్ నంబరు, ర్యాంకు, యూనిట్, మెడల్స్ అన్నీ అండ్లనే ఉంటయి. షీల్డు మీద అవే, అక్షరం మారకుండ ఎక్కాలె. హవల్దార్‌ను కెప్టెన్ అని రాస్తె నలుగురిల ఆయనకే ఇబ్బంది. మూడు సింహాల ముద్ర వెయ్యొద్దు, పర్మిషన్ లేకుండ వాడితే 2005 చట్టం కింద తప్పు. నన్నడిగితే ఫైబర్ షీల్డు కంటె పెంబర్తి ఇత్తడి పళ్లెం మేలు, కాని చేతిపని, ముందే చెప్పుకోవాలె.

మెడల్స్‌ను బ్రాసో (ఇత్తడి మెరిపించే పాలిష్) పెట్టి రుద్దకుండ్రి. అంచు మీద చెక్కిన నంబరు, పేరు అరిగిపోతయి. మెత్తటి పొడిబట్టతోని తుడిస్తె సాలు. తూర్పు దిక్కు కొట్లాడినోళ్ల మెడల్ పూర్వీ స్టార్, పడమర దిక్కుది పశ్చిమీ స్టార్. రిబ్బన్ తారుమారైతే ఊరోళ్లకు తెల్వకపోవచ్చు, తాతకు తెలుస్తది. పాత ముక్క పట్టుకపోయి సికింద్రాబాద్ మిలిటరీ టైలర్ల దగ్గర సరిపోల్చుకొని తెచ్చుకోండి. మెడల్స్ ఎడమ రొమ్ము మీదనే పెట్టాలె.

స్టేజి పని:
ముఖ్య అతిథి వచ్చినంకనే తాతను ఇంటికాడి నుంచి తోల్కరండి. లీడర్ కోసం పెద్దమనిషిని రెండు గంటలు ఎండల కూసోబెట్టుడే అన్ని సభల్ల జరిగే తప్పు. సోఫా వద్దు, అండ్ల కూలబడితే లేవరాదు. చేతులున్న ఎత్తు కుర్చీ వేయండి. జనగణమన 52 సెకన్లు, ఎంత వద్దన్నా ఆయన నిలవడతరు, పక్కన ఒకరు ఆసరా ఉండాలె. స్పీకర్ బాక్సు కుర్చీకి దూరం పెట్టండి, చెవి మిషన్ ఉంటే ఆ చప్పుడు ఇబ్బంది పెడతది. పటాకులు, గజమాల వద్దు. ఒక్క దండ, ఒక్క శాలువా.

జెండాను టేబుల్ మీద పరవొద్దు. స్టేజి మీద కర్రకు కట్టిన జెండా మాట్లాడేటోళ్ల కుడిచేతి దిక్కు ఉండాలె.

పరకాల యూత్:
సింహాల షీల్డుకు అడ్వాన్స్ ఇచ్చినం, ఇయాల్నే ఆపుతం. అవ్వను గూడ స్టేజి మీద కూసోబెడతం.

పెన్షన్ కాగితం:
అవ్వ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆమె పేరు డిశ్చార్జ్ బుక్కుల ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు ఉందేమో సూడుండ్రి. ఉంటే రేపు ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె ఆఫీసుల పొంటి తిరగాలె. తాత సంతకం పెట్టగలిగినప్పుడే సరిచేయించుండ్రి.

80 నిండితే బేసిక్ పెన్షన్ మీద 20 శాతం, 85కు 30, 90కి 40 శాతం అదనంగ రావాలె. రికార్డుల పుట్టిన తేదీ లేకున్నా, తప్పున్నా అది ఆగుతది, చానామందికి ఇదే జరుగుతది. పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), డిశ్చార్జ్ బుక్కు, ఇద్దరి ఆధార్, పాస్‌బుక్కు జిరాక్సులు పట్టుకొని జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు పోండి. ఆ ఆఫీసోళ్లను సన్మానానికి పిలువబోతరు గద, కాగితాలు గూడ అప్పుడే ఇయ్యుండ్రి.