అప్‌డేట్: మైన్‌క్రాఫ్ట్ బగ్ ఇంకా పోలేదు, స్టేటస్‌ను ఎలా చదవాలి?

నేనడిగింది ఇదీ: మైన్‌క్రాఫ్ట్ గేమ్ తయారుచేసే మొజాంగ్ కంపెనీ బగ్ ట్రాకర్ సైట్‌లో (బగ్స్, అంటే గేమ్‌లోని లోపాలను రిపోర్ట్ చేసే చోటు) ఒక రిపోర్ట్ "కన్ఫర్మ్డ్" అయి నెలలు గడిచినా ఫిక్స్ రాకపోతే, వాళ్లు దాన్ని వదిలేసినట్టా? జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. తేలింది రాస్తున్నా.

వదిలేసినట్టు కాదు. "కన్ఫర్మ్డ్" అంటే బగ్ నిజంగా ఉందని ఒప్పుకున్నారని మాత్రమే. ఎప్పుడు సరిచేస్తారన్న మాట అందులో లేదు. నేను పొరబడింది ఇక్కడే. చూడాల్సింది రిపోర్ట్‌లోని "ఫిక్స్ వెర్షన్" గడి. అందులో 24w14a లాంటిది కనిపిస్తే, 2024లో 14వ వారం స్నాప్‌షాట్‌లో (అసలు అప్‌డేట్‌కి ముందు వదిలే టెస్ట్ వెర్షన్‌లో) సరిచేశారని అర్థం. అది ఖాళీగా ఉంటే బగ్‌ని ఇంకా సరిచెయ్యలేదని అర్థం. "వోంట్ ఫిక్స్" అంటే సరిచెయ్యరు, "వర్క్స్ యాజ్ ఇంటెండెడ్" అంటే వాళ్ల దృష్టిలో అది బగ్గే కాదు. ఈ రెంటికీ తేడా చాలా ఉంది, కలిపెయ్యకండి.

"డూప్లికేట్" అని మూసేస్తే కోపం వద్దు. అందులో లింక్ ఇచ్చిన అసలు రిపోర్ట్‌కి వెళ్లి ఓటు వెయ్యండి. "నాకూ ఇంతే" అన్న కామెంట్ వల్ల ఉపయోగం లేదు. కొత్త వెర్షన్‌లో కూడా బగ్ వస్తోందని, ఏ స్టెప్పులతో వస్తోందో రాస్తేనే పనికొస్తుంది. మాడ్స్ (గేమ్‌ని మార్చే, బయటివాళ్లు చేసిన ఫైళ్లు) తీసేసి, కొత్త వరల్డ్‌లో పరీక్షించాకే రాయండి. మాడ్స్‌తో పెట్టిన రిపోర్ట్‌ని "ఇన్‌వాలిడ్" అని మూసేస్తారు. క్రాష్ అయితే క్రాష్-రిపోర్ట్స్ ఫోల్డర్‌లోని టెక్స్ట్ ఫైల్ జతచెయ్యాలి.

ఐటమ్స్ రెట్టింపయ్యే లోపాలను మాత్రం ప్రైవేట్‌గా రిపోర్ట్ చెయ్యండి. అందరికీ కనబడితే సర్వర్ల ఎకానమీ (ఆటగాళ్ల మధ్య ఐటమ్స్ కొనుగోళ్లు, అమ్మకాలు) పాడవుతుంది. అలాంటి వాటిపై మౌనం సబబే అని నాకిప్పుడు అనిపిస్తోంది.